జింజెండార్ఫ్ దొరయు, చిన్నవారి పండుగలును

ధ్యాన భాగము: నిర్గమకాండము 10:7–11, లూకా 2:41–52

ఫరో మోషేతో బేరమాడిన సంగతి మనమందరము ఎరిగినదే. ఎడారిలో యెహోవాకు పండుగ చేయబోవువారు ఎవరెవరని అతడు అడిగెను. చిన్నవారును పెద్దవారును, కొడుకులును కూతుండ్రును, మందలతో సహా అందరమును వెళ్లుదుమని మోషే చెప్పెను. ఫరో అందుకు సమ్మతింపక, పురుషులు మాత్రము పోవచ్చునని సెలవిచ్చెను. దాసత్వములో నలిగిపోవుచున్న జనమునకు అదియే గొప్ప దయ అనిపించియుండవచ్చును. అయినను మోషే ఆ బేరము ఒప్పుకొనలేదు.

ప్రియ చదువరులారా, మన గ్రామ సంఘములలో పండుగ వచ్చినప్పుడు జరుగు సంగతి ఒకసారి తలంచుకొనుడి. క్రిస్మసుకు నాలుగు రోజుల ముందుగానే యౌవనస్థులు తాటాకులు కొట్టి తెచ్చి పందిరి వేయుదురు. రంగు కాగితములు అతికింతురు. బల్లలు మోయుదురు, నీళ్లు తోడుదురు. ఆరాధన మొదలైన తరువాత వారు ఎక్కడ నుందురు? గుమ్మము బయట నుందురు. లోపల కుర్చీలన్నియు పెద్దలవి, ప్రసంగములన్నియు పెద్దలవి. చిన్నపిల్లలు కంఠత వచనము అప్పగించి, మిఠాయి పుచ్చుకొని దిగిపోవుదురు. ఆ పిల్లలే పదునెనిమిది ఏండ్లు వచ్చునప్పటికి గుడికి రావడము మానివేసిరని మనము వాపోవుదుము. ఈ విషయములో మనకు పనికివచ్చు ఒక జీవిత చరిత్ర కలదు. అందులో అనుసరింపదగినదియు కలదు, భయపడదగినదియు కలదు. ఆ రెండును చెప్పెదను.

నికొలాసు లూడ్విగ్ జింజెండార్ఫ్ 1700 సంవత్సరము మే 26వ తేదీన జర్మనీలోని డ్రెస్డెను పట్టణములో జన్మించెను. వారిది కౌంటు అను బిరుదు గల గొప్ప వంశము. మన మాటలో చెప్పవలెనన్న పెద్ద జమీందారులు. బిడ్డకు ఆరు వారములు నిండునప్పటికే తండ్రి చనిపోయెను. తల్లి మరల వివాహము చేసికొని బెర్లినుకు వెళ్లగా, పిల్లవానిని అమ్మమ్మ తన కోటలో ఉంచుకొని పెంచెను. ఆమె భక్తురాలు, విద్యావతి. ఆ ఇంటిలో చిన్నవాడు యేసుప్రభువునకు జాబులు వ్రాసి కిటికీలో నుండి బయటకు విసరుచుండెడివాడట. పిల్లవాని వెఱ్ఱి అని పెద్దలు దానిని త్రోసివేయలేదు. ఇది చిన్న సంగతిగా కనబడును గాని, తరువాత కథయంతయు దీనిలో నుండియే వచ్చినది.

పది సంవత్సరముల వయస్సున అతనిని హల్లే పట్టణములో ఫ్రాంకే గారి పాఠశాలకు పంపిరి. మన తమిళ తీరమందలి తరంగంబాడికి 1706లో జీగెన్‌బల్గు గారిని, ప్లూచౌ గారిని ఇచ్చినది ఆ హల్లేయే. తెలుగులో అచ్చయిన మొట్టమొదటి పుస్తకములు 1746లో వెలువడినదియు అక్కడనే. ఫ్రాంకే గారి భోజనపు బల్లయొద్ద జింజెండార్ఫ్ తరంగంబాడి వార్తలు వినెను. అక్కడి నుండి తిరిగి వచ్చిన మిషనెరీలను కన్నులార చూచెను. తోటి బాలురు కొందరితో కలిసి ఆవగింజ పేరుతో ఒక చిన్న సమాజము పెట్టుకొనెను. ప్రభువును వెంబడించుట, అందరిని ప్రేమించుట, సువార్త నెరుగని జనముల నిమిత్తము పాటుపడుట, ఇదియే వారి ఒడంబడిక. పెద్దవారైన తరువాతను వారు దానిని మరువలేదు.

ఇంటివారి కోరిక చొప్పున ఆయన విట్టెన్‌బర్గులో న్యాయశాస్త్రము చదివి, డ్రెస్డెనులో రాజుగారి కొలువులో చేరెను. 1722లో అమ్మమ్మ యొద్ద బెర్తెల్స్‌డార్ఫ్ అను ఎస్టేటు కొని, ఆ సంవత్సరమే ఎర్డ్‌ముత్ దొరతియా అను భక్తురాలిని వివాహమాడెను. అదే సమయమున మొరేవియా దేశము నుండి కొందరు బీదవారు రాత్రివేళ సరిహద్దు దాటి వచ్చిరి. 1415లో సజీవదహనమైన యోహాను హస్సు గారి మార్గమున నడచిన పూర్వ సంఘపు సంతతివారు వారు. తమ విశ్వాసము నిమిత్తము ఇండ్లు, పొలములు విడిచిన వారు. ఆయన తన భూమిలో వారికి చోటిచ్చెను. క్రిస్టియన్ డేవిడ్ అను వడ్రంగి 1722 జూన్ 17న మొదటి చెట్టు నరికెను. అక్కడ వెలసిన పల్లెకు హెర్న్‌హూట్ అని పేరు. ప్రభువు కావలి అని దాని భావము.

కావలి ఉండెను గాని సమాధానము లేదు. అయిదేండ్లలో సుమారు 300 మంది చేరిరి. ఒకరు లూథరను పద్ధతి, ఒకరు తమ పితరుల పద్ధతి, మరియొకరు మరియొకటి. కలహములు పెరిగి ఊరు చీలిపోవునంత పనియయ్యెను. 1727లో జింజెండార్ఫ్ కొలువు పని విడిచి వారి మధ్యకు వచ్చి, ఇంటింటికి తిరిగి, ప్రతి మనుష్యునితో మాటలాడెను. మే 12న అందరును ఒక నిబంధనకు చేవ్రాలు చేసిరి.

ఆ వేసవిలో ఆయన మరియొక పని చేయుచుండెను. పదియు పదమూడేండ్ల మధ్యనున్న తొమ్మిదిమంది ఆడపిల్లలకు తానే పాఠము చెప్పుచుండెను. పిల్లలు మంచివారే, చెప్పిన మాట వినువారే. అయినను వారి హృదయములలో జీవపు జాడ కనబడలేదని భార్యతో చెప్పుకొని దుఃఖించెడివాడు. ఒక జమీందారునకు తొమ్మిదిమంది పల్లె ఆడపిల్లల ఆత్మలను గూర్చి అంత బెంగ యేల? మన పెద్దలలో ఎందరము ఆదివారపు బడి పిల్లల నిమిత్తము కన్నీరు కార్చితిమి?

సుసన్నా కూనెలు అను పదకొండేండ్ల బాలిక ఆ పల్లెలో నుండెను. ఆ సంవత్సరము వసంతకాలమున ఆమె తల్లి చనిపోయెను. తల్లి మరణ సమయమందలి ఆనందము ఆ బిడ్డ మనస్సులో నాటుకొనెను. మూడు దినములు ప్రార్థనలో పెనుగులాడి, ఆగస్టు 6వ తేదీ రాత్రి తనకు కలిగిన సంతోషమును తండ్రికి తెలిపెను. ఆమెనుండి ఆ అగ్ని తోటి బాలికలకు అంటుకొనెను.

ఆగస్టు 13న సంఘమంతయు బెర్తెల్స్‌డార్ఫ్ గుడిలో ప్రభు సంస్కారమునకు కూడెను. నిన్నటిదాక ఒకరి ముఖము ఒకరు చూడనివారు ఆ దినమున ఏడ్చుచు సమాధానపడిరి. మొరేవియను సంఘము నేటికిని ఆ దినమును తన పునర్జన్మ దినముగా ఎంచును. ఈ ఉజ్జీవమును గూర్చి మన ప్రసంగీకులు తరచుగా చెప్పుదురు. అయితే అంతకు వారము దినములు ముందే ఒక తల్లిలేని పిల్లయొద్ద అది మొదలైనదని చెప్పువారు తక్కువ. ఆరాధనయైన పిమ్మట జనులు ఇండ్లకు పోలేక ఆరేడు గుంపులుగా నిలిచి మాటలాడుకొనుచుండగా, జింజెండార్ఫ్ వారు చెదరిపోకుండునట్లు తన దివాణపు వంటయింటి నుండి భోజనము పంపెను. అపొస్తలుల కాలపు ప్రేమవిందు ఆ విధముగా మరల లేచినది. ముందుగా కమిటీ లేదు, చందాపట్టీ లేదు. ఆకలిగొన్నవారికి అన్నము పంపుటలోనే పండుగ పుట్టెను.

ఆగస్టు 17 నాటికి బాలికల గుంపంతయు కదలిపోయెను. అప్పుడు పెద్దలేమి చేసిరో చూడుడి. ఇది పిల్లల ఆవేశము, నాలుగు దినములలో చల్లారునని అనలేదు. ఆ తేదీని సంఘపు కేలండరులో ఎక్కించిరి. నేటికిని మొరేవియను సంఘములు ఆగస్టు 17వ తేదీని పిల్లల పండుగగా ఆచరించును. పెద్దలు పిల్లలకు దయతో కేటాయించిన దినము కాదు అది. దేవుడు పిల్లలలో చేసిన కార్యమునకు జ్ఞాపక దినము. ఆ నెలలోనే ఇరువదినాలుగు మంది పురుషులు, ఇరువదినాలుగు మంది స్త్రీలు గంటకొకరు చొప్పున రాత్రింబగళ్లు ప్రార్థన చేయ పూనుకొనిరి. పిల్లలును తమకు తగినట్లు ప్రార్థన వంతులు పెట్టుకొనిరి. పెద్దల ప్రార్థన గొలుసు నూరేండ్లకు పైగా తెగలేదు.

తరువాతి సంవత్సరములలో జింజెండార్ఫ్ సంఘమును వయస్సునుబట్టియు స్థితినిబట్టియు గుంపులుగా ఏర్పరచెను. చిన్నపిల్లలు, పెద్ద బాలురు, పెద్ద బాలికలు, అవివాహిత సహోదరులు, అవివాహిత సహోదరీలు, దంపతులు, విధవలు, భార్యలు పోయిన పురుషులు. ప్రతి గుంపునకు దానిలోని వారే నాయకులు, ప్రతి గుంపునకు సంవత్సరములో ఒక పండుగ దినము. పండుగకు ముందు నాయకుడు ఒక్కొక్కరిని ఏకాంతముగా కలిసికొని, ఆత్మీయ స్థితి ఎట్లున్నదో విచారించి, కలిసి ప్రార్థించును. ఉదయము కీర్తనలతో లేపుట, ఆ వయస్సువారికి తగిన వాక్యము, కొద్దిపాటి రొట్టెతో ప్రేమవిందు, వయస్సు వచ్చినవారికి ప్రభు సంస్కారము. ఖర్చు స్వల్పము. ప్రతి యువకుని పేరు, అతని కష్టము ఎరిగిన పెద్ద ఒకడుండుట, దీనికే ఎక్కువ శ్రమ పట్టినది. మన పండుగలకు మైకు సెట్టు కుదుర్చుటకు పట్టు ప్రయాసలో సగము దీనికి పెట్టినయెడల ఎంత బాగుండును!

ఈ యేర్పాటులో అన్నా నిట్ష్‌మను కథ ప్రత్యేకముగా చెప్పదగినది. ఆమె మొరేవియా నుండి పారిపోయి వచ్చిన ఒక వడ్రంగి కుమార్తె. 1730 మార్చి 17న సంఘ స్త్రీలందరికి పెద్దగా ఒకరిని ఏర్పరచుటకు నలుగురి పేర్లు వ్రాసి చీట్లు వేయగా, అన్నా పేరు వచ్చెను. అప్పటికామె వయస్సు పదునాలుగేండ్లు! జింజెండార్ఫ్ కూడ కలవరపడెను. నీవు చిన్నదానవు, వద్దని చెప్పుమని ఆమెకు సలహా ఇచ్చెను. ప్రభువు చేతి నుండి వచ్చిన పనిని కాదనుట తన వశము కాదని ఆ పిల్ల నిలిచెను. ఆయన తన మాట వెనుకకు తీసికొనెను. చిన్నవారిని ఘనపరచవలెనని బోధించిన మనుష్యుడే, ఆ ఘనత నిజముగా ఒక పిల్ల మీదకి దిగి వచ్చినప్పుడు జంకెను. ఆయన జంకెనని చెప్పుట ఆయనను తగ్గించుట కాదు. మనకును అదే జరుగును గనుక చెప్పుచున్నాను.

ఆ యేడు మే 4న అన్నాయు, మరి పదునేడుగురు కన్యకలును ప్రభువు సేవకు తమ్మును అప్పగించుకొని ఒడంబడిక చేసిరి. మే 4 అవివాహిత సహోదరీల పండుగ దినమాయెను.

ఈస్టరు పండుగ తెల్లవారకముందే మన పల్లెలలో దీపములు పట్టుకొని పాటలు పాడుచు సమాధుల తోటకు వెళ్లుదుము గదా. ప్రొటెస్టంటు సంఘములలో ఇట్టి ఉదయకాలపు ఆరాధనకు మొదటిదిగా చెప్పబడునది హెర్న్‌హూట్‌లో జరిగినదే. 1732 ఈస్టరు ఆదివారమున అవివాహిత సహోదరులు కొందరు, చీకటి యుండగానే లేచి, ఊరి ప్రక్కనున్న హుట్‌బర్గ్ కొండ మీది సమాధుల మధ్య నిలిచి, సూర్యోదయమునకు ప్రభువు పునరుత్థానమును గానము చేసిరి. కాపరి ఏర్పాటు చేసినది కాదు, యువకుల తలంపు. తరువాత సంఘమంతయు వారి వెంట కొండ యెక్కెను. ముందు నడిచినవారు చిన్నవారు, వెనుక నడిచినవారు పెద్దలు.

ఆ 1732లోనే, ఆగస్టు 21న, లియొనార్డు డోబరు అను కుమ్మరి యువకుడును, డేవిడ్ నిట్ష్‌మను అను వడ్రంగియును వెస్టిండీసులోని సెయింట్ థామస్ దీవి యందలి నీగ్రో బానిసలకు సువార్త చెప్పుటకు కాలినడకన బయలుదేరిరి. డోబరుకు ఇరువదియారేండ్లు. జింజెండార్ఫ్ కొంతదూరము వారిని తన బండిలో తీసికొనిపోయి, ప్రార్థించి సాగనంపెను. కుమ్మరి కుర్రవానికి ఇది సాధ్యమా అని చాలమంది సందేహించిరి. గుంపులో ప్రతి వారము మాటలాడుటకు, పాడుటకు, తోటివాని భారము మోయుటకు అలవాటుపడిన కుర్రవాడు గనుక సాధ్యమాయెను.

1736లో సాక్సనీ ప్రభుత్వము జింజెండార్ఫ్‌ను దేశము విడిచిపొమ్మనెను. పదకొండేండ్లు ఆయన పరదేశిగా తిరిగెను. 1741లో అమెరికాలోని పెన్సిల్వేనియాకు వెళ్లినప్పుడు పెద్ద కుమార్తె బెనిగ్నాను వెంటబెట్టుకొనెను. ఆ క్రిస్మసు ముందటి రాత్రి కొత్తగా కట్టుకొనుచున్న పల్లెలో ఒక దుంగల యింట అందరును కూడిరి. ఒకే కప్పు క్రింద ఒక ప్రక్క మనుష్యులు, ఒక ప్రక్క పశువులు. ఆ రాత్రియే ఆ ఊరికి బేత్లెహేము అని పేరు పెట్టిరి. మరుసటి యేడు పదునారేండ్ల బెనిగ్నా పెన్సిల్వేనియాలో ఆడపిల్లలకు బడి తెరచెను. ఆ బడి పెరిగి, నేడు బేత్లెహేములో మొరేవియను విశ్వవిద్యాలయముగా నిలిచియున్నది.

బెనిగ్నా భర్త యోహాను వాట్‌విల్లు 1747 డిసెంబరు 20న మారియెన్‌బోర్ను అను చోట పిల్లల ఆరాధన జరిపి, చివర ప్రతి బిడ్డకును ఎఱ్ఱని పట్టీ చుట్టిన చిన్న కొవ్వొత్తి వెలిగించి ఇచ్చెను. ఆ రాత్రి పిల్లలు దీపములు చేతబట్టుకొని గదులకు వెళ్లిరి. ఎవరి దీపము వారిదే.

ఇంతవరకు చదివినవారు, ఈ పద్ధతి మన సంఘములోను పెట్టుదమని లేచుచున్నారేమో. కొంచెము ఆగుడి. ఈ కథలో చేదు భాగము మిగిలియున్నది.

హెర్న్‌హూట్ విడిచిన తరువాత జింజెండార్ఫ్ 1738లో హెర్న్‌హాగ్ అను మరియొక పట్టణము స్థాపించెను. అక్కడ సుమారు వేయిమంది చేరిరి, అందులో యౌవనులు మిక్కిలి ఎక్కువ. వారి నాయకుడు ఆయన ప్రియ కుమారుడు క్రిస్టియన్ రెనాటుసు. 1727లో, ఉజ్జీవము వచ్చిన ఆ శరదృతువుననే పుట్టినవాడు. మంచి మనస్సు, కోమల స్వభావము గలవాడు. 1743 మొదలుకొని ఆ యేడెనిమిదేండ్లు హెర్న్‌హాగ్‌లో పండుగలకు హద్దు లేకపోయెను. పుట్టినదినములకు, స్మారక దినములకు ఇండ్లన్నిటికి దీపాలంకారములు, చిత్రములు, సంగీతము, విందులు. ప్రభువు గాయములను గూర్చి పసిపిల్లల ముద్దుమాటలతో పాటలల్లి, ఆ ఉద్రేకమే భక్తి అనుకొనిరి. ప్రార్థన వంతులు, వాక్య పరిశోధన, చేతిపని వెనుకబడెను. అప్పు పెరిగెను. బయటివారు ఎగతాళి చేసిరి; స్నేహితులు సిగ్గుపడిరి.

తప్పు యువకులదేనా? చిన్నబిడ్డలవలె కావలెనని నేర్పినవాడు జింజెండార్ఫే. ఆ ముద్దుమాటలు మొదట ఆయన నోటి నుండియే వచ్చెను. ఆయన దూరదేశములలో తిరుగుచుండగా యువకుల యొద్ద పండుగ మిగిలెను, ఒక్కొక్కరిని విచారించు పెద్ద మిగులలేదు. సంగతి తెలిసినవారు హెచ్చరించినను చాలకాలము ఆయన చెవిని బెట్టలేదు. తుదకు 1749లో కన్నులు తెరచి, సంఘములన్నిటికి గద్దింపు జాబు వ్రాసి, కుమారుని పదవి నుండి తొలగించి లండనుకు తన యొద్దకు పిలిపించుకొనెను. తన నేరమును కూడ ఒప్పుకొనెను. 1750లో అక్కడి ప్రభువు, మీరు జింజెండార్ఫ్‌ను విడువుడి, లేదా ఊరు విడువుడి అని ఆజ్ఞాపింపగా, హెర్న్‌హాగ్ ప్రజలు ఊరు విడిచిరి. మూడేండ్లలో ఆ అందమైన పట్టణము ఖాళీ యాయెను. అప్పులు ఆయన మరణానంతరము చాల యేండ్లకు గాని తీరలేదు.

క్రిస్టియన్ రెనాటుసు తండ్రి గద్దింపును లోబడి స్వీకరించెను. పశ్చాత్తాపముతో దీనముగా వ్రాసిన ఆయన కీర్తనలు సంఘమునకు మిగిలెను. క్షయవ్యాధిచేత 1752 మే 28న లండనులో చనిపోయెను. వయస్సు ఇరువదినాలుగు. పండ్రెండుమంది బిడ్డలను కనిన ఆ తలిదండ్రులు అప్పటికే చాలమందిని పూడ్చిపెట్టియుండిరి. ఎర్డ్‌ముత్ దొరసాని ఈ దెబ్బనుండి తేరుకొనలేదు. 1756లో ఆమెయు ప్రభువునొద్దకు వెళ్లెను.

ఇంత జరిగినను, యౌవనుల పండుగలు ఆపివేయుడని జింజెండార్ఫ్ చెప్పలేదు. ఇది గమనింపుడి. మన సంఘములో ఒక యేడు కుర్రవాండ్లు డప్పులతో హద్దు మీరిన, మరుసటి యేడు పండుగే తీసివేయుదుము. ఆయన ఆ తేదీలను ఉంచెను, గుంపులను ఉంచెను, నాయకులుగా చిన్నవారిని ఉంచెను. ఆర్భాటము తగ్గించి, వాక్యమును విచారణను మరల మధ్యకు తెచ్చెను. లూకా 2వ అధ్యాయములో పండ్రెండేండ్ల యేసును పండుగకు తీసికొనిపోయిన తలిదండ్రులు, తిరిగి వచ్చునప్పుడు ఒక దినము ప్రయాణము చేసినదాక ఆయన తమతో లేడని ఎరుగకపోయిరి. వారు మరల యెరూషలేమునకు వెళ్లి వెదకిరి. ఆ మీదటను యేటేట పండుగ జరుగుచునే యుండెను.

1757లో ఆయన అన్నా నిట్ష్‌మనును వివాహమాడి హెర్న్‌హూట్ ప్రాంతముననే శేషకాలము గడపెను. 1760 మే మొదటి వారమున అవివాహిత సహోదరీల పండుగ వచ్చెను. ముప్పది యేండ్ల క్రిందట పదునెనిమిదిమంది ఆడపిల్లలు చేసిన ఒడంబడికకు జ్ఞాపక దినము. ఆయన ఆ పండుగకొరకు ఒక కీర్తన రచించెను. అదియే ఆయన చివరి కీర్తనలలోనిది. వెంటనే జబ్బుపడి మే 9న నిద్రించెను. అన్నా అప్పటికే మంచముమీద నుండెను. మే 21న ఆమెయు వెళ్లిపోయెను. ఆయన చిన్ననాడు హల్లేలో ఏ తరంగంబాడిని గూర్చి వినెనో, ఆ ఊరికి మొరేవియను సహోదరులు మొదటిసారి చేరినదియు ఆ 1760లోనే.

మే 16న సమాధి జరిగెను. హాలెండు, ఇంగ్లండు, ఐర్లండు, అమెరికా, గ్రీన్‌లాండు దేశములలో పనిచేసిన ముప్పదిరెండుగురు సేవకులు వంతులవారీగా పెట్టె మోసిరి. సంఘపు పిల్లలు, బాలికలు, యువకులు, కన్యకలు, దంపతులు, విధవలు వరుసలుగా వెనుక నడిచిరి. పోయినది హుట్‌బర్గ్ కొండ మీదికే. ఇరువదియెనిమిదేండ్ల క్రిందట ఒక ఈస్టరు ఉదయమున కొందరు యువకులు ఎవరును చెప్పకుండగనే లేచి, చీకటిలో పాడుచు ఎక్కిన త్రోవ అది.